నలుగురు కలసి ఇల్లెంచుట

పూర్వము ఇల్లు కొనదలచిన గృహస్థు ఆ మాట పదిమంది చెవిని వేసి, నాలుగు వీథులు తిరిగి, తుదకు రెండు మూడిండ్లను చూచి అందొకదానిని ఖాయపరచుకొనెడివాడు. ఉన్నవే రెండు మూడు గనుక ఎంపిక పెద్ద చిక్కుగా తోచెడిది కాదు. ఇపుడట్లు గాదు. నిజామాబాదులోనో బోధనులోనో కూర్చుండి చేతిఫోనును తాకినంతనే అమ్మకపు ఇండ్ల ప్రకటనలు ఒకదాని వెంట నొకటి దిగివచ్చును. 2005లో 99 ఎకర్స్, ఆ మరుసటి యేట మ్యాజిక్‌బ్రిక్స్, 2014లో బెంగుళూరున నోబ్రోకర్ వెలసినవి. మహానగరములలో మొదలైన ఈ పద్ధతి క్రమముగా జిల్లా పట్టణములకును పాకినది. వెదకుట తేలికయైనది. ఎంచుట మాత్రము బరువైనది.

కొనువాడొక్కడే యైనచో తన మనస్సునకు నచ్చినది కొనును, మంచిచెడ్డలు తానే పడును. కాని మన యిండ్లలో ఇల్లు కొనునది ఒక మనిషి గాదు, కుటుంబము. అందును ఈ జిల్లా కుటుంబములు ఒక్క కప్పు క్రింద నుండుట అరుదైపోయినది. బోధనులోని శక్కరనగరమున 1930ల చివర నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము ఆసియాలో నెల్ల పెద్దదని పేరొంది, తరతరముల వారికి జీతమిచ్చి, చుట్టుప్రక్కల చెరకు రైతులకు అండయై, 2015 డిసెంబరులో మూతపడినది. అంతకు ఎంతో ముందునుండియే ఇచ్చటి యువకులు దుబాయికిని, మస్కటునకును, దోహాకును వలసపోవుచు వచ్చినారు. పెద్దకొడుకు దుబాయిలో, చిన్నకొడుకును కోడలును నిజామాబాదులో అద్దెయింట, ముసలి తల్లిదండ్రులు బోధను దగ్గరి పల్లెలో - ఇట్టి కుటుంబములు ఈ ప్రాంతమున కోకొల్లలు. అట్టి కుటుంబ మొకటి ఆసుపత్రికిని బడికిని దగ్గరగా పట్టణమున ఒక ఇల్లు కొనదలచిన దనుకొందము. దానికి పెట్టు డబ్బు ఎడారి ఎండలో కూడబెట్టినది. రేయింబవళ్ళు ఆ యింటిలో మెలగవలసినది వృద్ధురాలైన తల్లి. మరి ఎంచవలసినది ఎవరు? ఈ ప్రసంగమున మేము చెప్పబూనినది ఈ యొక్క ప్రశ్నను గూర్చియే.

గుంపుగా నేలను ఎంచుకొనుట ఈ ప్రాంతమునకు కొత్త గాదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు కట్టతో మంజీర నీరు బోధను, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతములకు పారినది. ఆ నీటి వెంట కృష్ణా, గుంటూరు మండలముల నుండి రైతులు గుంపులు గుంపులుగా వచ్చి ఇచ్చట స్థిరపడినారు. వారు వెలయించిన పల్లెలను నేటికిని 'క్యాంపు' లనియే పిలుచుచున్నారు. ముందుగా ఒకరిద్దరు పెద్దలు వచ్చి, మన్ను నలిపి చూచి, కాలువ యెంత దూరమో అడిగి, తిరిగి పోయి తమవారితో చెప్పెడివారట. అటుపిమ్మటనే బండ్లు కదలెడివి. ఆ యెంపిక పెక్కుచోట్ల ఫలించినది. చెరకుతోటలే అందుకు సాక్ష్యము. అయినను ఆ పెద్దలు నేల యడిగినంతగా ఆడువారిని అడిగిరా, బావి యెంత దూరమన్న మాట ఎవరైనను లెక్కలోనికి తెచ్చిరా అనిన, మాకు నమ్మకము లేదు. పెద్దకర్ర పట్టినవాని కంటికి కనిపించినదే గుంపునకు కనిపించినట్లు. నేడు పెద్దకర్ర స్థానమున ఫోను వచ్చినది. దానిని పట్టుకొన్నవాడెవడో వాని చూపే కుటుంబపు చూపగు ప్రమాద మిపుడును పొంచియున్నది.

ఈ చిక్కును సడలించుటకే అల్గారిథము లనునవి అక్కరకు వచ్చును. పేరు వినగానే బెదరనక్కర లేదు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరమందున్న అల్ ఖ్వారిజ్మీ అను గణితవేత్త పేరే నలిగి నలిగి ఈ మాటయైనది. ఒక పనిని ముందిది, పిదప నిది, ఇట్లైన అది, కాకున్న ఇది అని వరుస తప్పక చేయించు నియమావళియే అల్గారిథము. నిజామాబాదు మార్కెట్టుయార్డునకు పసుపు వచ్చినపుడు కాడి వేరు, గోళ వేరు, చూర వేరు చేయుదురు గదా. ముందు రాలిన చెత్త తీసి, పిదప రకము విడదీసి, ఆ తరువాతనే ధర పలికింతురు. ఈ వరుస తారుమారైనచో నష్టము రైతుదే. ఇండ్ల ప్రకటనలను తూర్పారబట్టు యంత్రముకూడ ఇట్టి వరుసనే పాటించును.

మొదటి జల్లెడ 'కానేకాదు' అనునది. కుటుంబములోని ప్రతివారును తాము ఎంతమాత్రము ఒప్పుకొనలేని విషయములను ఒకటి రెండు మాత్రమే చెప్పవలెను. తండ్రి 60 లక్షలు దాటరాదనవచ్చును. కోడలు బడికి రెండు కిలోమీటర్లు మించరాదనవచ్చును. ఈ జల్లెడలో బేరము లేదు, సర్దుబాటు లేదు; ఒకరి 'కానేకాదు'కు తగిలిన ఇల్లు జారిపోవలసినదే. ఒకటి రెండు మాత్రమే యని మేము గిరి గీయుటకు కారణ మున్నది. నలుగురును తలా పది ఆంక్షలు పెట్టినచో జల్లెడలో ఒక్క ఇల్లును మిగులదు.

ఇంటివారి ఇష్టములే గాక చట్టపు ఆంక్షలనుకూడ ఈ జల్లెడలోనే చేర్చవలెను. విదేశమందు నివసించు భారత పౌరుడు సాధారణముగా ఇల్లుగాని ఇంటిస్థలముగాని కొనవచ్చును. వ్యవసాయభూమిని, తోటను, ఫారంహౌసును మాత్రము కొనరాదు. వారసత్వముగా సంక్రమించుట వేరు సంగతి. పట్టణపు అంచులలో గుంటల లెక్కన అమ్మెడి 'ఫారం ప్లాట్ల' ప్రకటనలు కంటి కింపుగా నుండును. దస్తావేజు దుబాయిలోని కొడుకు పేర కావలెనన్నచో అవి మొదటనే తొలగవలసినవి. లేఅవుటు అనుమతి లేని స్థలములును అంతే. 2020లో తెలంగాణ ప్రభుత్వము లేఅవుట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు కోరగా 25 లక్షలకు పైగా వచ్చినవనిన, అనుమతి లేని ప్లాట్లు ఎంతగా చేతులు మారినవో ఊహించుకొనవచ్చును. కొత్తగా కట్టు పెద్ద ప్రాజెక్టులు, అనగా స్థలము 500 చదరపు మీటర్లకు మించినవిగాని, ఫ్లాట్లు 8కి మించినవిగాని, 2016 నాటి చట్టము ప్రకారము రెరా సంస్థలో నమోదు కావలెను. వాని ప్రకటనలో నమోదు సంఖ్య యుండవలెను. సంఖ్య లేని ప్రకటనను ప్రక్కన బెట్టుమని యంత్రమునకు ఒక్క మాట చెప్పిన చాలును; అలసట లేకుండ వెదకి తీసివేయును. మనుష్యులమైన మనము ఇరువదియవ ప్రకటనకే ఆ సంఖ్య సంగతి మరచిపోదుము.

ఇంకొక చిన్న పనికూడ ఇచ్చట యంత్రము చేయదగినది. ఒకరు గజములలో వ్రాయుదురు, ఒకరు చదరపుటడుగులలో, వేరొకరు గుంటలలో. గజమునకు 9 చదరపుటడుగులు, గుంటకు 121 గజములు. ఒకే ఇంటిని ముగ్గురు మధ్యవర్తులు మూడు ఫొటోలతో మూడు ధరలకు ప్రకటించుటయు కద్దు. కొలతలన్నిటిని ఒక్క మానమునకు తెచ్చి, ఒకే ఇంటికి ఒకే వరుస యుంచినచో, నూరుగా కనిపించిన జాబితా ఎంతగా తరిగిపోవునో చూచినవారికే తెలియును.

రెండవ జల్లెడ మరింత సొగసైనది. ఒక ఇల్లు 55 లక్షలు, 150 గజములు, బడికి కిలోమీటరున్నర యనుకొందము. మరొకటి 52 లక్షలు, 160 గజములు, బడికి కిలోమీటరే. మొదటిది ధరలోను, వైశాల్యములోను, దూరములోను రెండవదాని కంటె తీసికట్టు. ఇక దానిని గూర్చి ఎవరును వాదింపనక్కర లేదు. ఎవరి అభిరుచి యెట్టిదైనను ఆ మూడు లెక్కలలో అది గెలువదు. ఇట్లు అన్నివిధముల మరొకదానికి లొంగిన ఇండ్లను తొలగించి, ఏదో యొక గుణమున తలయెత్తి నిలిచిన వానిని మాత్రమే యుంచు పద్ధతిని 2001లో జర్మనీ పరిశోధకులు కొందరు 'స్కైలైన్' అను పేర ప్రకటించిరి. సముద్రతీరమునకు దగ్గరగాను చవుకగాను ఉండు హోటలును వెదకుట వారు చూపిన ఉదాహరణము. దూరమునుండి నగరమును చూచినపుడు పొడవైన మేడలే ఆకాశమున కనిపించినట్లు, ఈ జల్లెడ పిదప పోటీకి తగిన ఇండ్లే కనిపించును. పెరటిలో వేపచెట్టున్న ఇల్లు ఈ జల్లెడలో రాలిపోవచ్చును గదా యని మీరడుగవచ్చును. నిజమే. చెట్టు లెక్కలో లేదు. చెట్టు కావలెనన్నవారు దానినికూడ ఒక గుణముగా ముందే చేర్పించుకొనవలెను.

ఇంతవరకు తగవు లేదు. తగవు మూడవ మెట్టున పుట్టును. మిగిలినవి మూడిండ్లనుకొందము. మొదటిది వినాయక్‌నగర్‌లో మేడమీది వాటా. రెండవది అర్సపల్లి వైపు నేలమీది ఇల్లు. మూడవది కంఠేశ్వర్‌లో నాలుగు మెట్ల అరుగుగల ఇల్లు. నలుగురిని పదికి మార్కులు వేయుమన్నాము. మొదటి ఇంటికి తండ్రి 8, పెద్దకొడుకు 10, కోడలు 9, తల్లి 2. రెండవదానికి తండ్రి 7, కొడుకు 7, కోడలు 6, తల్లి 7. మూడవదానికి తండ్రి 6, కొడుకు 9, కోడలు 9, తల్లి 4.

సరాసరి కట్టు యంత్రము మొత్తములు కూడును: 29, 27, 28. వినాయక్‌నగర్ వాటా గెలిచినది. ముగ్గురికి సంతోషము. "మెట్లెక్కలేను బిడ్డా" యన్న తల్లి మాట మాత్రము 29లో కరగిపోయినది. సరాసరికి గల గుణమే అది. పెద్దసంఖ్యల నడుమ ఒక చిన్నసంఖ్య కనిపింపదు.

వేరొక నియమ మున్నది. ప్రతి ఇంటికిని వచ్చిన మార్కులలో అతి తక్కువదానినే ఆ యింటి మార్కుగా పరిగణించుట. అపుడు వరుసగా 2, 6, 4. అర్సపల్లి ఇల్లు గెలుచును. ఎవరికిని పరమానందము లేదు, ఎవరికిని దుఃఖమును లేదు. 2001లో అమెరికాయందలి మిన్నెసోటా విశ్వవిద్యాలయము వారు స్నేహితుల గుంపునకు తగిన సినిమాను సూచించు పాలీలెన్స్ అను యంత్రమునకు ఈ నియమమునే పెట్టిరి. నచ్చని సినిమానైనను మూడు గంటలు ఓర్చుకొనవచ్చును. ఇల్లు అట్టిది గాదు. కనుక ఈ నియమము సినిమాకంటె ఇంటికే ఎక్కువ తగునని మా అభిప్రాయము. దీనికొక లోప మున్నది. మొండివాడొకడు తనకు నచ్చినదానికి తప్ప తక్కిన అన్నిటికి సున్న వేసినచో వాని పంతమే గెలుచును. అందరి దుఃఖమును బాపబోయి ఒకని మంకుపట్టునకు పట్టము గట్టినట్లగును.

మూడవ నియమము ఈ రెంటి నడిమిది. ఏ ఒక్కరైనను 4కు తక్కువ వేసిన ఇంటిని తొలగించి, మిగిలినవాని సరాసరి చూచుట. వినాయక్‌నగర్ తొలగును. మిగిలిన రెంటిలో 28తో కంఠేశ్వర్ గెలుచును.

మార్కులు అవియే, మనుష్యులు వారే. నియమము మారినంతనే ఇల్లు మారినది. మూడు నియమములకు మూడిండ్లు. కావున "యంత్రము చెప్పినది, మన మేమి చేయగలము" అను మాట మీ యింట ఎవరైనను అనినచో, యంత్రమునకు ఆ నియమము పెట్టినవారెవరని వెంటనే అడుగుడు. మార్కులకు బదులు ఇండ్లను జతజతగా పోల్చి అధికసంఖ్యాకుల మాట విందమన్నను చిక్కు తీరదు. ముగ్గురు మనుష్యులు మూడిండ్లను తలా ఒక వరుసలో పెట్టినపుడు, మొదటిది రెండవదానిని, రెండవది మూడవదానిని, మూడవది తిరిగి మొదటిదానిని ఓడించుట సంభవమని 1785లోనే ఫ్రాన్సు దేశపు కొండొర్సే చూపినాడు. మూడు గాని అంతకు మించిగాని దారులున్నపుడు, న్యాయమని తోచు కొన్ని సామాన్య నిబంధనలన్నిటిని ఒక్కమారుగా తీర్చగల వరుసనియమ మేదియు లేదని 1951లో కెనెత్ ఆరో నిరూపించెను. అర్థశాస్త్రమున 1972లో నోబెలు బహుమానము పొందినవా రితడే. ఇది విని నిరాశపడ నక్కర లేదు. పరిపూర్ణమైన నియమము లేదనిన, తమకు తగిన నియమమును కుటుంబమే కూర్చుండి ఎంచుకొనవలెనని అర్థము. అదియు ఇండ్లను చూడకమునుపే. చూచిన పిదప నియమమును ఎంచుటకు కూర్చున్నచో, ప్రతివాడును తాను మెచ్చిన ఇల్లు గెలుచు నియమమునే న్యాయమనును.

మా మాట అడిగినచో, నడిమి నియమమును కొంచెము మార్చి వాడుడందుము. అద్దమురేయి లేచి ఆ యింటిలో నడువవలసినవారి గీత 4 గాక 6గా నుండవలెను. అట్లైనచో తల్లి 4 మాత్రమే వేసిన కంఠేశ్వర్ ఇల్లుకూడ తొలగి, అర్సపల్లి ఇల్లే నిలుచును. డబ్బు పంపినవానికి హక్కు లేదా యని కొందరడుగవచ్చును. ఉన్నది, అందుకే అతనికిని 4 గీత కలదు. అతడు రెండేండ్లకొకమారు నెలదినములు వచ్చి పోవువాడు. మోకాళ్ళ నొప్పితో ఆమె దినమునకు పదిసార్లు గడప దాటవలసినది.

ఈ లెక్కలకు ప్రత్యేకమైన యంత్ర మేదియు కొననక్కర లేదు. ఫోనులో ఉచితముగా దొరకు లెక్కలపట్టికలో ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క వరుస, ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క గడి యేర్పరచి, సరాసరికి ఒక సూత్రము, అతి తక్కువ మార్కునకు ఒక సూత్రము వ్రాసిన చాలును. బడిలో చదువు మనుమరాలు గంటలో నేర్చి చేయగలదు. మార్కులు మాత్రము ఎవరికి వారు విడివిడిగా, ఇతరులవి చూడకుండ ఇయ్యవలెను. మామగారు ఎనిమిది వేసినదానికి కోడలు రెండు వేయగలదా? అత్తగారి యెదుట మొగమాటము, అన్నగారి యెదుట కృతజ్ఞత - ఇవి సంఖ్యలను వంచును. తల్లి చదువనేరనిది యైనచో ఫొటోలు చూపి ఆమె మాటను గొంతుతోనే రికార్డు చేసి పట్టికలో ఎక్కింపవచ్చును. ఆమెకు బదులు తండ్రి మార్కు వేయరాదు.

ఇండ్ల వెబ్‌సైట్లు తమంత తామే చేయు సూచనలను గూర్చియు ఒక మాట చెప్పవలెను. మనము దేనిని తాకితిమో, దేనివద్ద ఎంతసేపు నిలిచితిమో గమనించి, అట్టివానినే మరల మరల చూపుట అట్టి అల్గారిథముల స్వభావము. దుబాయిలో రాత్రి డ్యూటీ దిగి పెద్దకొడుకు ఒంటరిగా ఫోను చూచునపుడు మేడలమీది వాటాలు, అద్దాల కిటికీలు తాకును. యంత్ర మతనినే కుటుంబమనుకొనును. వారము తిరుగునప్పటికి నేలమీది ఇండ్లు తెరమీద అడుగంటును. ఇందులో యంత్రపు దుర్బుద్ధి లేదు. దానికి తెలిసిన మనిషి అతడొక్కడే. అదిగాక రుసుము చెల్లించిన ప్రకటనలు పైకి వచ్చు ఆచారమును కలదు. కావున మొదటి జాబితాను ఇద్దరు ముగ్గురు వేరువేరు ఫోనులలో వెదకి కలుపుట మేలు. మన పట్టణమునందు అమ్మకమునకున్న ఇండ్లన్నియు ఫోనునకు ఎక్కవు. గేటుకు కట్టిన అట్టముక్క బోర్డులు, కిరాణాకొట్టువాని నోటిమాట, మధ్యవర్తుల వాట్సాపు గుంపులు ఇంకను చాల ఇండ్లను అమ్ముచున్నవి. బోధనులో నైతే మరింతగా. వానినికూడ చేతితో పట్టికలో చేర్చి అవే జల్లెడలలో వేయవచ్చును.

నూరు అయిదుగా తరిగిన పిదప యంత్రపు పని తీరినట్లే. ఇక కాళ్ళకు పని. మొదట తల్లినే తోడ్కొని పోవలెను. పెద్దకొడుకు వీడియోలో చూచును. దుబాయి గడియారము మనకన్న గంటన్నర వెనుక గనుక ఇచ్చట సాయంకాల మయిదైనపుడు అచ్చట మూడున్నర. అతని సెలవుదినమునకు సరిపడ చూచుకొనవలెను. నల్లా యెన్నినాళ్ళకొకసారి వచ్చునో అమ్మువానిని గాదు, ఎదురింటి ఇల్లాలిని అడుగవలెను. వాన వెలిసిన మరునాడు ఒకమారు ఆ వీథిని నడచి చూడవలెను. ఆస్తిపై జరిగిన అమ్మకములను, తనఖాలను తెలుపు ఈసీని, ఇంటిపన్ను రసీదును, అనుమతి పొందిన ప్లానును తెప్పించి, తెలిసిన వకీలుకు చూపి, ఆ పిమ్మటనే బయానా చేతబెట్టవలెను.